పెరటి ఫైలు
(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పు గురించి, పెన్షన్ మనకెవరో దయతలచి ఇచ్చేది కాదన్న సంగతి గురించి అధ్యక్షులవారు ఇంతకుముందే చక్కగా సెలవిచ్చారు. నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శిగారు ఒక షరతు పెట్టారు. "డి.ఎ. బకాయిలూ, మెడికల్ రీయింబర్స్‌మెంటూ వద్దండీ, అవి రోజూ ఉన్నవే. ఇంట్లో ఆడవాళ్ళు కూడా వినే సంగతి ఏదన్నా చెప్పండి" అన్నారు. నాకు తెలిసిన సంగతులు రెండే. ఒకటి ఫైళ్ళు, రెండోది ఈ నాలుగేళ్ళుగా నేర్చుకుంటున్న పెరటి పని. మొదటిది వినడానికి మీరెవరూ ఇష్టపడరు కనుక రెండోది చెబుతాను.

నేను 1972లో రెవిన్యూ శాఖలో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. డిప్యూటీ తహసీల్దారు పానెల్లో పేరు వచ్చింది గాని, దానికన్నా ముందు 58 ఏళ్ళు వచ్చాయి. హౌస్ బిల్డింగ్ లోను పెట్టి 1986లో రాజమండ్రిలో కట్టుకున్న ఇల్లు మాది. ఇంటి వెనక ముప్పై అడుగుల వెడల్పు, యాభై అడుగుల పొడుగు పెరడు. లెక్క ప్రకారం 167 గజాలు. ముప్పై ఏళ్ళు ఆ పెరడు పూర్తిగా మా ఆవిడ సెక్షను. నేను అటు వెళ్ళేది పొద్దున్న మొహం కడుక్కోవడానికి మాత్రమే. ఏ పాదు ఎప్పుడు పెట్టేదో, ఏ గింజ ఎక్కడ దాచేదో నేను ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. కూర కంచంలోకి వచ్చేది, తినేవాణ్ణి. ఉప్పు ఎక్కువైతే మాత్రం చెప్పేవాణ్ణి.

2016 కార్తీకంలో ఆవిడ పోయింది. పన్నెండు రోజులూ అయి, పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ వెళ్ళిపోయాక, నేను పెరటి తలుపు గడియ వేశాను. గడియ వేశాను అంటే ఆ పూటకు అనుకున్నాను. అయిదేళ్ళు తియ్యలేదు.

అయిదేళ్ళలో 167 గజాల నేల ఏమవుతుందో చూడనివాళ్ళకు చెప్పినా నమ్మరు. మొదట గరిక, తుంగ, పల్లేరు. తరువాత ఉత్తరేణి, వయ్యారిభామ. ప్రహరీగోడ మీదంతా తిప్పతీగ. మూలన ఒక సర్కారు తుమ్మ మొలిచి, నా కళ్ళముందే, అంటే కిటికీలోంచి నేను చూస్తుండగానే, డాబా ఎత్తుకు ఎదిగింది. పాత పందిరి రాటలు, కొబ్బరి మట్టలు, పెంకులు, మిగిలిపోయిన ఇటుకల దొంతర అన్నీ దానికింద మునిగిపోయాయి. పిల్లలు ఫోనులో అడిగితే "చేయిస్తాలే" అనేవాణ్ణి. మనం ఉద్యోగంలో ఉండగా ఎన్ని అర్జీల మీద "పరిశీలనలో ఉన్నది" అని రాయలేదు గనక!

2021 ఆగస్టులో ఒక సాయంత్రం పక్కింటి మాస్టారి మనవడికి, ఆరేళ్ళవాడు, గోడవార ఆడుకుంటుంటే తేలు కుట్టింది. ఎర్రతేలు. వాడు ఆడుకున్నది వాళ్ళ వాకిట్లోనే. తేలు వచ్చింది మాత్రం గోడకు ఇవతల ఉన్న నా ఇటుకల దొంతరలోంచి. పిల్లవాడికి ఒళ్ళంతా చెమటలు పట్టి, వాంతులు అయ్యాయి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఎర్రతేలు విషం పిల్లల్లో గుండె మీద పనిచేస్తుందట. ఒకప్పుడు దీనితో చాలామంది పిల్లలు పోయేవారు. మహారాష్ట్రలో మహాడ్ అనే ఊళ్ళో డాక్టర్ హిమ్మత్‌రావ్ బవాస్కర్ గారు, బి.పి.కి వాడే ప్రజోసిన్ అనే మాత్ర దీనికి పనిచేస్తుందని కనిపెట్టి, ఎందరి ప్రాణాలో కాపాడారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మన పిల్లవాడికి కూడా ఆ మాత్రే వేశారు. రెండు రాత్రులు ఆస్పత్రిలో ఉండి ఇంటికి వచ్చాడు.

ఈ సంగతి నాకు మాస్టారు చెప్పలేదు. మూడో రోజు పాలబ్బాయి చెప్పాడు. ముప్పై అయిదేళ్ళ ఇరుగుపొరుగు మాది. మా ఆవిడ పోయినప్పుడు పదిరోజులు వాళ్ళింటినుంచే నాకు కాఫీ వచ్చింది. నేను చొక్కా వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మాస్టారు కుర్చీ చూపించారు గాని మాట్లాడలేదు. కోడలమ్మాయి మంచినీళ్ళు తెచ్చి, "ఇప్పుడు బాగానే ఉన్నాడు పెద్దనాన్నగారూ" అంది. ఆ అమ్మాయి ఇంకొక్కమాట అన్నా నాకు బరువు తగ్గేది. అనలేదు. ఇంటికి వచ్చి పెరటి తలుపు గడియ తీశాను. తుప్పుపట్టి రాలేదు. గూట్లో ఉన్న కొబ్బరినూనె పోసి సుత్తితో కొట్టి తీశాను.

ఇక్కణ్ణించి నా తెలివితక్కువ పనుల జాబితా మొదలవుతుంది.

తెల్లవారి ఇద్దరు మనుషుల్ని పిలిచి, తలకు 700 రూపాయల చొప్పున ఇచ్చి, మొత్తం కొట్టించేశాను. సాయంత్రానికి పెరడు గుండు చేయించుకున్న తలలాగా శుభ్రంగా ఉంది. ఇటుకల దొంతర తీయించి వీధివైపు పేర్పించాను. అక్కడ చేసిన పని అదొక్కటే సరైనది. వానాకాలం కదా, ఇరవై రోజుల్లో కొట్టినదంతా మళ్ళీ మోకాలెత్తు వచ్చింది, వెనకటికన్నా ఒత్తుగా. కొడవలి పెట్టడం అంటే కలుపుకు క్షవరం చేయించడం తప్ప ఇంకేమీ కాదు. వేరు కిందే ఉంది.

కోసిన చెత్తకు నిప్పంటించాను. పచ్చిది మండలేదు, పొగ మాత్రం లేచి సరాసరి మాస్టారి డాబా మీద ఆరేసిన బట్టల్లోకి పోయింది. అప్పటికే మాటల్లేవు, ఇక చూపులు కూడా పోయాయి.

వయ్యారిభామను ఒట్టి చేతులతో పీకాను. తెల్లటి చిన్న పూలతో చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పేరు కూడా అలాంటిదే. 1955 ప్రాంతంలో పుణె దగ్గర మన దేశంలో మొదట కనిపించి, విదేశీ గోధుమలతో కలిసి వచ్చిందని చెప్పుకునే మొక్క ఇది. కొంతమంది దీన్ని కాంగ్రెస్ గడ్డి అంటారు. ఇక్కడ అన్ని పార్టీలవారూ ఉన్నారు కనుక నేను వయ్యారిభామ అనే అంటాను. ఒక్కొక్క మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది. దీని పుప్పొడికి ఉబ్బసం, ఆకు తగిలితే దద్దుర్లు. నా రెండు చేతులూ మోచేతులదాకా పొక్కిపోయాయి. డాక్టరుగారు మందు రాసి, "ఈ వయసులో మీకెందుకండీ ఇవన్నీ" అన్నారు. పూత రాకముందు, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతికి తొడుగు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, వేరుతో సహా పీకాలి. పూత వచ్చాక పీకితే గింజలు మనమే చల్లినట్టు. కోవిడ్ నాటి మాస్కులు ఇంట్లో ఎలాగూ మిగిలి ఉన్నాయి, వాటికి ఇలా మోక్షం కలిగింది.

తుంగతో మాత్రం నేను ఓడిపోయాను. పార పెట్టి తుంగ దుబ్బుల్ని ముక్కలు ముక్కలుగా నరికాను. పదిహేను రోజులకు ఒక్కొక్క దుబ్బు ఉన్నచోట అయిదారు లేచాయి. అప్పుడు, చుట్టుపక్కల ఇళ్ళలో కలుపు తీయడానికి కడియం వైపు నుంచి వచ్చే ఒక పెద్దావిడ గేటు దగ్గర ఆగి చూసి నవ్వింది. "అలాక్కాదండి బాబుగారూ. తుంగని నరికితే పిల్లల్ని పెట్టుద్దండి. అది గడ్డ కాదండి, గొలుసండి" అంది. గునపం పక్కగా దింపి, మట్టి వదులు చేసి, మెల్లగా పైకి లాగి చూపించింది. నిజమే. నల్లటి తీగలాంటి వేరుకు గడ్డ, దానికి మళ్ళీ తీగ, మళ్ళీ గడ్డ. ఒక గడ్డ మొలకెత్తి ఉంటే మిగతావి నిద్రపోతుంటాయి. తీగ తెగిందంటే ఆ నిద్రపోయేవన్నీ లేస్తాయి. మన పచారీ కొట్లలో తూకం వేసి అమ్మే తుంగముస్తలు ఇవేనని అప్పుడు తెలిసింది. డిస్ట్రిక్ట్ ఆఫీస్ మాన్యువల్ తెలిసినవాళ్ళకు ఒక్క మాటలో చెప్పాలంటే, మిగతా కలుపంతా ఎల్.డిస్., తుంగ మాత్రం ఆర్.డిస్.; శాశ్వతంగా భద్రపరచే రికార్డు అది!

ఆ పెద్దావిణ్ణి వారానికి ఒకరోజు రమ్మన్నాను. నేను ఆవిడకు కూలి ఇచ్చేవాణ్ణి, ఆవిడ నాకు పాఠం చెప్పేది. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో నాకు ఏ ట్రైనింగులోనూ అంత బాగా చెప్పిన వాళ్ళు లేరు.

అప్పటికి నవంబరు వచ్చింది, వానలు వెనకబట్టాయి. నాకు బి.పి. ఉంది, కుడి మోకాలు మడవదు. 167 గజాలు ఒక్కసారి చూస్తే గుండె జారిపోతోంది. అందుకని పాత పురికొస తీసుకుని పెరడంతా పది అడుగుల గళ్ళుగా విభజించాను. పదిహేను గళ్ళు. ఒక పాత రిజిస్టరులో గీతలు గీసి, నెంబర్లు వేసి, తేదీ, చేసిన పని, రిమార్కులు అని కాలాలు పెట్టాను. మా అబ్బాయి చూసి, "నాన్నా, కలుపుకు పర్సనల్ రిజిస్టరా!" అని ఒకటే నవ్వు. నవ్వితే నవ్వాడు గాని, నాకు తెలిసిన పనిముట్టు అదొక్కటే. రోజూ పొద్దున్న ఆరు నుంచి ఏడు వరకు ఒక్క గంట. ఏడు కొట్టగానే పార కింద పెట్టాలి, ఎంత ఊపులో ఉన్నా సరే. ఒక గడి పూర్తిగా అయ్యేదాకా రెండోది ముట్టుకోకూడదు. ముందు మాస్టారి గోడవైపు ఉన్న అయిదు గళ్ళు చేశాను. ఎందుకో మీకు వేరే చెప్పక్కరలేదు.

మూడో గడి చేస్తుండగా, సంక్రాంతి దాటాక, ఒక పొద్దున్న గోడమీదినుంచి ఒక పార ఇవతలికి వంగింది. మాస్టారు. "మీది మొద్దుబారిపోయింది. చప్పుడు వింటుంటే తెలుస్తోంది. దీంతో తవ్వండి" అన్నారు. అయిదు నెలల తరువాత ఆయన నాతో అన్న మొదటి మాట అది. పార అందుకున్నాను. నాకు ఏమనాలో తోచలేదు, "సరేనండి మాస్టారూ" అన్నాను. ఆ పార ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు.

నాలుగో గడిలో మొలక్కూడా లేని నేలలో పిడికిలంత లావున బొడిపెలు బొడిపెలుగా దుంపలు తగిలాయి. ఇవేవో కొత్తరకం పీడ అనుకుని పదీ పన్నెండు తవ్వి మూలనున్న చెత్తకుప్ప మీద పారేశాను. చేతులు దురద పుడితే మళ్ళీ వయ్యారిభామే అనుకున్నాను. ఆదివారం అమ్మాయి వీడియో కాల్ చేస్తే నా పనితనం అంతా తిప్పి తిప్పి చూపించాను. అది కుప్ప చూసి ఒక్క అరుపు అరిచింది. "నాన్నా, అవి అమ్మ కందలు!" ఆ చివర ఏటా ఆవిడ కంద పెట్టేదట. పైన మొక్క ఎండిపోయినా దుంప నేలలో నిద్రపోయి, మళ్ళీ తొలకరికి లేస్తుందట. అయిదేళ్ళు ఎవరూ తవ్వకపోయినా, నీళ్ళు పొయ్యకపోయినా, ఆ తుంగలో, ఆ ముళ్ళలో వాటంతట అవే లేస్తూ, ఎండుతూ ఉన్నాయన్నమాట. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, ఒక్కసారైనా గుర్తుపట్టలేదు. ఆవపెట్టి చేసిన కంద బచ్చలి కూర మా ఇంట్లో ముప్పై ఏళ్ళు తిన్నవాణ్ణి, కంద మొక్క ఎలా ఉంటుందో తెలియనివాణ్ణి. ఆ రోజు మిగతా పని చెయ్యలేదు. రిజిస్టరులో రిమార్కుల కాలం ఖాళీగా వదిలేశాను.

కుప్ప వెతికితే చాలావరకు పార దెబ్బ తిని కుళ్ళిపోయాయి. మూడు మాత్రం గట్టిగా ఉన్నాయి. నీడలో ఇసకలో పెట్టమంది పెద్దావిడ. మే నెలాఖరుకు వాటిలో రెండింటికి మొలక వచ్చింది.

వేసవి పని గురించి కాస్త వివరంగా చెబుతాను, పెరడు ఉన్నవాళ్ళకు పనికివస్తుంది. మన రైతులు ఎండాకాలం దుక్కులు ఎందుకు దున్నుతారో నాకు 72వ ఏట తెలిసింది. మే నెల ఎండలో నేలను పెద్ద పెద్ద పెళ్ళలుగా తిరగవేయించి, నీళ్ళు చుక్క పడనివ్వకుండా వదిలేశాను. పైకి తేలిన తుంగ గడ్డలు ఎండకు వట్టిపోయి చస్తాయి. వారానికోసారి పెళ్ళల్ని తిరగవేస్తుండాలి. మా అబ్బాయి ఇంకో పద్ధతి చెప్పాడు. నేల చదును చేసి, తడిపి, పైన పారదర్శకమైన పల్చని పాలిథిన్ షీటు గాలి పోకుండా పరిచి, అంచులు మట్టితో కప్పి, ఆరు వారాలు ఉంచాలి. వేడికి కింద గింజలు చచ్చిపోతాయి. రెండు గళ్ళలో అదీ చేశాను. వయ్యారిభామ, తోటకూరజాతి కలుపు నిజంగానే తగ్గింది. తుంగ మాత్రం షీటు ఎత్తగానే సలాము చేసింది, కొన్నిచోట్ల షీటును పొడుచుకునే వచ్చింది. కనుక తుంగకు ఎండబెట్టడమే మందు.

మందు అన్నాను గనక ఒక మాట. బజారులో ఒక కొట్టువాడు "ఇది కొట్టండి, వేళ్ళతో సహా మాడిపోద్ది" అని ఒక సీసా ఇవ్వబోయాడు. గ్లైఫోసేట్. దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరెవరూ వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వమే నోటిఫికేషన్ ఇచ్చింది. అది రాకముందు కూడా నేను తీసుకోలేదు. పక్కన పిల్లవాడు ఆడుకునే గోడ అది. తేలుతో ఒకసారి చేసిన నిర్వాకం చాలు.

జూన్‌లో తొలకరి పడగానే జనుము గింజలు ఒత్తుగా చల్లించాను. ఇది మన డెల్టా రైతులు పచ్చిరొట్టకు వేసేదే. నెలలోపల నేల కనపడకుండా కమ్మేసింది. తుంగకు నీడ పడదు. జులైలో గోదావరికి పెద్ద వరద వచ్చి ఊరంతా గట్టు మీదికి చూడ్డానికి పోతుంటే, నేను జనుములో ఒంగుని తుంగ లెక్కపెడుతున్నాను. పూత మొదలవుతుండగా జనుమును కోసి మట్టిలో కలిపేశాం. నల్లరేగడి అప్పటిదాకా తడిస్తే జిగురు, ఎండితే రాయి. ఆ తరువాత మొదటిసారి చేతికి మెత్తగా తగిలింది. నిరుడు ఒక గడిలో గంటకు బుట్టెడు తుంగ తీసినచోట, ఆ ఏడు దోసెడు వచ్చింది. పోయింది అనను. ఇప్పటికీ వారానికి రెండుసార్లు తీస్తూనే ఉన్నాను.

దసరాకు కడియపులంక వెళ్ళి కరివేపాకు, మునగ, నందివర్ధనం మొక్కలు తెచ్చాను. ఆ నర్సరీల్లో తిరుగుతుంటే అన్నీ కొనాలనిపిస్తుంది. పెన్షనర్లు జేబులో లెక్కగా డబ్బు పెట్టుకుని వెళ్ళడం మంచిది. గింజలు వేసినవి బెండ, గోంగూర, తోటకూర, పెద్ద చిక్కుడు. పాత పందిరి రాటలే మళ్ళీ పాతి ఆనప పాదు, బీర పాదు ఎక్కించాను. మొదటి ఏడు బెండకు పచ్చదోమ కొట్టి ఏమీ మిగల్లేదు. వంగలో పుచ్చు. ఆనప మాత్రం అడ్డం లేకుండా కాసింది. ఖాళీ ఉన్నచోటల్లా చిలగడదుంప తీగ పాకించాను, అది నేలను కప్పేస్తే కలుపుకు చోటుండదు.

జాగ్రత్తలు కొన్ని చెప్పకపోతే తప్పవుతుంది. పొదలోకి చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టాలి. మోకాళ్ళదాకా బూట్లు వేసుకోవాలి. నేను నవ్వులపాలవుతానని మొదట వేసుకోలేదు, ఒక రక్తపింజర కనబడ్డ రోజునుంచి వేసుకుంటున్నాను. కట్టెలు, ఇటుకలు, కొబ్బరి డొక్కలు గోడవార పేర్చవద్దు. పాముగాని తేలుగాని కరిస్తే తాడు బిగించడం, కోయడం, పసరు, మంత్రం ఇవేవీ వద్దు. కదలకుండా ఉంచి 108కి ఫోను చేసి ఆస్పత్రికి పోవడమే. పాత బకెట్లు, కొబ్బరి చిప్పల్లో నిలిచిన నీళ్ళను వారానికోసారి తప్పకుండా పారబొయ్యాలి, డెంగ్యూ దోమ అందులోనే పెరుగుతుంది. ఒంటరిగా పనిచేసేటప్పుడు ఫోను జేబులో ఉండాలి.

ఈ పనివల్ల నాకు ఒక చిక్కు కూడా వచ్చింది. లైఫ్ సర్టిఫికెట్‌కు వెళితే మిషను మీద నా వేలిముద్రలు పడలేదు. ఎన్నిసార్లు నొక్కినా ఒకటే మాట, సరిపోలలేదని. పార పట్టి పట్టి గీతలు అరిగిపోయాయి. ఎదురుగా నిలబడి ఉన్న మనిషి బతికి ఉన్నట్టు మిషను ఒప్పుకోదు! చివరికి కంటిపాపతో అయింది. అక్కడి కుర్రాడు, "ఏం పని చేస్తారు తాతగారూ?" అని అడిగాడు. జీవితంలో మొదటిసారి "గుమాస్తాగా చేశాను" అనలేదు. "పెరటి పని" అన్నాను.

ఈ ఏడు కంద తవ్వాం. ఆ రెండు దుంపల పిలకలే ఇప్పుడు తొమ్మిది మొక్కలు. అమ్మాయి వచ్చి కంద బచ్చలి చేసింది. ఆవ కాస్త ఎక్కువైంది, నేను అనలేదు. ఒక గిన్నె మాస్టారింటికి పంపాం. వాళ్ళ మనవడికి ఇప్పుడు పదేళ్ళు. సాయంత్రాలు మా పెరటి గుమ్మంలోకి వస్తాడు, లోపలికి మాత్రం బూట్లు లేకుండా రానివ్వను. వాడి సైజువి ఒక జత కొని ఉంచాను. తుంగ గొలుసు తెగకుండా లాగడంలో వాడు నాకన్నా నయం. తేలు కుట్టిన సంగతి వాడికి పెద్దగా గుర్తులేదంటాడు. నేను వాడికి ఒకరోజు ఆ ఇటుకల సంగతి మొత్తం చెప్పి, తప్పు నాదని చెప్పాను. వాడు విని, "మరి ఇప్పుడు తీసేశారు కదా తాతయ్యా" అని మళ్ళీ తుంగలోకి ఒంగాడు.

పదిహేనో గడి, సర్కారు తుమ్మ మొద్దు ఉన్న మూల, ఇంకా కాలేదు. కొట్టించినప్పుడల్లా చిగురుస్తోంది. మొద్దు తవ్వించాలంటే నాలుగువేలు అడుగుతున్నారు. కార్యదర్శిగారు వద్దన్నా చెబుతున్నాను, అది డి.ఎ. బకాయిలు వచ్చాక.

మా పెరటి ఆనప, చిక్కుడు, గోంగూర గింజలు నలభై పొట్లాలు కట్టి తెచ్చాను. కోశాధికారిగారి బల్ల మీద ఉన్నాయి. కంద పిలకలు ఆరే ఉన్నాయి, ముందు అడిగినవాళ్ళకు. రసీదు అక్కర్లేదు. భోజనాలయ్యాక తీసుకోండి.